కొత్త కారు టైర్లలో గాలి: ఎవరి అంకె నమ్మాలి?

ప్రశ్న: కొత్త కారు తీసుకుని 12 రోజులైంది. చిన్న గుంటలో పడినా బండి ఎగిరిపడుతోంది, రోడ్డు మీది ప్రతి రాయీ సీట్లో కూర్చున్నవాళ్లకి తెలుస్తోంది. మధ్యాహ్నం గంటసేపు నడిపాక డ్యాష్‌బోర్డు మీద ముందు టైర్లు 46, 47, వెనకవి 45, 45 చూపించాయి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రెండు వరుసలున్నాయి. ఒకదాంట్లో ముందు 33, వెనక 32 అని ఉంది. రెండోదాంట్లో ముందు 35, వెనక 39. టైరు పక్కన చూస్తే 51 అని అచ్చుపోసి ఉంది. షోరూముకు ఫోన్ చేస్తే ‘కొత్త బండి కదా, అంతా సెట్ చేసే ఇస్తాం, ఏమైనా ఉంటే మొదటి సర్వీసులో చూద్దాం’ అన్నారు. గాలి కొట్టే అతను ఏ కారుకైనా 35 అంటాడు. కుదుపు తగ్గాలంటే 28 పెట్టుకోమని ఒక స్నేహితుడి సలహా. ఎవరి మాట వినాలి? నేనే చూసుకోవాలంటే ఎలా? నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా?

సమాధానం: స్టిక్కర్ మాట వినండి, మిగతావాళ్లను పక్కన పెట్టండి. మొదటి సర్వీసు దాకా కూడా ఆగకండి. రేపు పొద్దున్న బండి తీయకముందే చూసుకోండి. మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే మీ టైర్లలో గాలి ఉండాల్సినదానికన్నా 7, 8 పీఎస్‌ఐ (గాలి ప్రెజర్‌ను కొలిచే కొలత, మీరు రాసిన అంకెలన్నీ అందులోనివే) ఎక్కువ ఉండి ఉంటుంది. ఆ కుదుపులకు సస్పెన్షన్‌ను అనుమానించే ముందు గాలి సంగతి తేల్చుకోవాలి.

కొత్త కారులో గాలి ఎక్కువ ఉండటం వింతేమీ కాదు. ఫ్యాక్టరీ గేటు దాటిన కారు ట్రైలర్ మీదో, రైల్లోనో, ఓడలోనో ప్రయాణం చేసి, ఆ తర్వాత యార్డులో వారాలు, ఒక్కోసారి నెలలు కదలకుండా నిలబడుతుంది. ఒకేచోట నిలబడ్డ టైరు అడుగుభాగం బరువుకి నొక్కుకుపోయి చదునెక్కుతుంది. అది జరగకుండా ఉండటానికి, దారిలో తాళ్లతో కట్టేసిన బండి ఊగకుండా ఉండటానికి, నిలబడి ఉన్నన్నాళ్లూ మెల్లగా దిగిపోయే గాలికి ముందుజాగ్రత్తగా కూడా టైర్లు గట్టిగా నింపి పంపుతారు. 40 దాటి ఉండటం మామూలే. డెలివరీకి ముందు చేసే తనిఖీ కాగితంలో ఆ గాలిని స్టిక్కర్ అంకెకు దించడం ఒక పని. హడావిడిలో కాగితం మీద టిక్కు పడుతుంది, టైరులో గాలి మాత్రం అలాగే ఉంటుంది. యార్డులో మరీ ఎక్కువకాలం పడి ఉన్న కారైతే దీనికి పూర్తిగా తిరగబడి, గాలి తక్కువ ఉన్నా ఉండొచ్చు. కాబట్టి ‘కొత్త బండి కదా’ అన్నది దేనికీ జవాబు కాదు.

ఇక డ్యాష్‌బోర్డు చూపించిన 46. అది అబద్ధం కాదు గానీ, దాన్ని తీసుకెళ్లి స్టిక్కర్ మీది 33 పక్కన పెట్టకూడదు. స్టిక్కర్ మీద రాసేది చల్లటి టైరులో ఉండాల్సిన ప్రెజర్. చల్లటి టైరు అంటే ముట్టుకుంటే చల్లగా తగలాలని కాదు. బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి. లేదా అలా ఆగిన తర్వాత నిదానంగా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడిచి ఉండకూడదు. నడిచే టైరు ప్రతి చుట్టులోనూ కింద నలిగి పైకి లేస్తుంది. ఆ నలుగుడుకే రబ్బరు వేడెక్కుతుంది, లోపలి గాలికి ఆ వేడి పాకుతుంది, వ్యాకోచించడానికి చోటు లేని గాలి ప్రెజర్ పెంచుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర 33 ఉన్న టైరులోని గాలి 55 డిగ్రీలకు చేరిందనుకోండి, గేజి, అంటే ప్రెజర్ కొలిచే పరికరం, ఇంచుమించు 38 చూపిస్తుంది. అదే వేడికి 41 ఉన్న టైరు 46, 47కు వెళ్తుంది. మీ ముందు టైర్లు చూపించింది అచ్చం ఇదే. అందుకే పొద్దున్న చూస్తే 40, 41 దగ్గర ఉంటాయని అంచనా. గేజి పెట్టి చూస్తేనే అది ఖాయమవుతుంది.

ఈ వేడి లెక్క తెలియకే చాలామంది తప్పు చేస్తారు. స్టిక్కర్ ప్రకారం సరిగ్గా 33 పెట్టుకున్న బండి మధ్యాహ్నం 38 చూపించగానే కంగారుపడి, రోడ్డు పక్కన ఆపి 33కు దించేస్తారు. మర్నాడు పొద్దున్న ఆ టైరులో 28.5కు కాస్త అటూఇటుగానే మిగులుతుంది. అంటే తమ చేతులతోనే టైరును గాలి తక్కువ టైరుగా మార్చుకున్నట్టు. నడిచి వచ్చిన టైరు 4, 5 పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం తయారీదారు ముందే లెక్కలో వేసుకున్నదే. వేడి మీద గాలి వదలకండి. తక్కువ అనిపిస్తే కొట్టించుకోవచ్చు, దాని పద్ధతి కింద చెప్తాను.

స్టిక్కర్‌ను చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. చాలా కార్లలో అది డ్రైవర్ తలుపు తెరిస్తే కనబడే స్తంభం మీద ఉంటుంది; కొన్నింటిలో పెట్రోలు మూత వెనక ఉంటుంది. అక్కడా ఇక్కడా లేకపోతే కారుతో వచ్చిన పుస్తకంలో తప్పకుండా ఉంటుంది. మొదట చూడాల్సింది ప్రెజర్ కాదు, టైరు సైజు. ఒకే మోడల్ కారు రెండు మూడు రకాల చక్రాలతో అమ్ముతారు, ఒకే స్టిక్కర్ మీద 15 అంగుళాల చక్రానికి ఒక వరుస, 16 అంగుళాలకు ఇంకో వరుస ఉంటాయి. టైరు పక్కన 195/55 ఆర్ 16 అన్నట్టుగా ఒక వరస అంకెలుంటాయి. అది స్టిక్కర్‌లోని ఏ వరుసకు సరిపోతుందో ఆ వరుసే మీది. తర్వాత బొమ్మలు చూడండి. ఒకరిద్దరు మనుషుల బొమ్మ ఉన్న గడి మామూలు ప్రయాణానికి. నిండా మనుషులు, పెట్టె బొమ్మ ఉన్నది అన్ని సీట్లూ నిండి, డిక్కీలో సామాను ఉన్నప్పటికి. మీ స్టిక్కర్‌లో ఒక్క సైజే ఉంటే, మీరు రాసిన రెండు వరుసలు ఇవే అయ్యుంటాయి: రోజువారీ తిరుగుడికి 33, 32, ఐదుగురూ సామానుతో ఊరెళ్లేటప్పుడు 35, 39. వెనక అంకె అంత పెరగడానికి కారణం తేలికే. అదనంగా ఎక్కే బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది.

కొన్ని స్టిక్కర్ల మీద పీఎస్‌ఐ ఉండదు, బార్‌లోనో కిలోపాస్కల్‌లోనో ఉంటుంది. 1 బార్ అంటే 100 కిలోపాస్కల్‌లు, పీఎస్‌ఐలో 14.5. ఆ లెక్కన 2.3 బార్, 230 కిలోపాస్కల్‌లు, 33 పీఎస్‌ఐ మూడూ ఒకటే. గేజి ఏ కొలతలో చూపిస్తోందో చూసుకోకుండా కొట్టడం మొదలెట్టకండి.

టైరు మీది 51కీ మీ కారుకీ సంబంధం లేదు. ఆ టైరును తయారుచేసినవాడికి అది ఏ కారు కింద పడుతుందో తెలియదు. అదే టైరు చిన్న కారుకీ పడుతుంది, బరువైన కారుకీ పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంతకు మించి నింపకూడదని టైరు కంపెనీ గీసిన గీత అది. 51 అంటే 350 కిలోపాస్కల్‌లు. కొన్ని టైర్ల మీద 44 ఉంటుంది, అది 300. మీ బండి ఎంత బరువు, ఆ బరువు ముందెంత వెనకెంత, బ్రేకు వేస్తే ముందుకు ఎంత వాలుతుంది అన్నవన్నీ తెలిసి అంకె వేసింది కారు కంపెనీ. టైరు బ్రాండు మార్చినా, సైజూ బరువు మోసే సామర్థ్యమూ అవే ఉన్నంతవరకు స్టిక్కర్ అంకె మారదు.

గాలి కొట్టే అతని 35 మరీ ప్రమాదకరమైన అంకె కాదు. చాలా కార్లకు దగ్గరగా ఉండే అంకె కాబట్టే అలవాటైపోయింది. కానీ మీ కారుకు ఒక్కరే తిరిగేటప్పుడు అది రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ, ఇంటిల్లిపాదీ సామానుతో బయల్దేరినప్పుడు వెనక టైర్లకు 4 తక్కువ. ఒకే అంకె ఒకే కారుకు ఒకరోజు ఎక్కువై ఇంకోరోజు తక్కువ కావడం విచిత్రంగా ఉంటుంది గానీ, సంగతి అదే. పైగా మీరు అక్కడికి చేరేసరికి టైరు వేడెక్కి ఉంటుంది, అతను కొట్టే 35 మర్నాటికి 33 కూడా ఉండకపోవచ్చు.

ఈ సలహాల్లో అన్నిటికన్నా చెడ్డది మీ స్నేహితుడి 28. కుదుపు తగ్గేమాట నిజమే, ఆ తగ్గే కుదుపంతా టైరు పక్క గోడలు నలిగి భరిస్తాయి. నలిగినకొద్దీ వేడి. ఎండాకాలం, నిండు లోడు, పెద్ద రోడ్డు మీద వేగం ఈ మూడూ కలిసినప్పుడు ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పేలేది ఇలాంటి బండ్లలోనే. అంతదాకా రాకపోయినా టైరు రెండు అంచులూ ముందు అరుగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో బండి బద్ధకంగా తిరుగుతుంది, గుంటలో పడ్డప్పుడు రిమ్ము అంచుకీ గుంట అంచుకీ మధ్య టైరు నలిగి పక్కన బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకు మరమ్మతు ఉండదు, మార్చడమే. ఇంధనం ఖర్చు వీటన్నిటి తర్వాతే: నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుంది.

డ్యాష్‌బోర్డు మీద టైరు ప్రెజర్ దీపం రావడానికి కూడా మూలం ఇలాంటి కథే. 2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లు బోల్తాపడ్డాయి, లక్షల టైర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ బండికి ఫోర్డ్ సూచించిన ప్రెజర్ 26 పీఎస్‌ఐ. ఆ అంకె తక్కువని టైరు కంపెనీ, లోపం టైర్లదేనని కారు కంపెనీ వాదించుకున్నాయి. అదే ఏడాది అక్కడ చేసిన చట్టం వల్లే కార్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది.

గాలి ఎక్కువైతే ఏం? ప్రస్తుతం మీ బండి చెప్తున్నదే. టైరు డోలులా బిగుసుకుని మధ్యభాగం ఉబ్బి, నేలను ఆనే చోటు తగ్గుతుంది. పట్టు తగ్గుతుంది, ముఖ్యంగా గతుకుల రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు చక్రం నేల మీద నిలవకుండా చిందులేస్తుంది. నెలల తరబడి ఇలాగే నడిపితే టైరు నడిమధ్య అరిగి అంచులు కొత్తవాటిలా మిగులుతాయి. పన్నెండు రోజులకు ఆ భయం లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. సొంత గేజి ఒకటి కొనుక్కోండి. పెన్నులా ఉండి లోపలి నుంచి పుల్ల బయటికొచ్చేది, గడియారంలా ముల్లు తిరిగేది, అంకెలు వెలిగేది అని మూడు రకాలున్నాయి. పుల్ల గేజి చవక, ఏళ్ల తరబడి ఉంటుంది గానీ ఒక పీఎస్‌ఐ తేడాను కంటితో పట్టడం కష్టం. ముల్లు గేజి తీసుకుంటే 60 పీఎస్‌ఐ వరకు ఉన్నదే తీసుకోండి. లారీల కోసం 150, 160 దాకా గీతలున్న దాంట్లో 33కీ 35కీ తేడా కనపడదు. ముల్లు గేజిని ఒక్కసారి గట్టిగా కింద పడేస్తే తర్వాత దాని మాట నమ్మలేం. రోజూ వాడటానికి అంకెల గేజే సుఖం, బ్యాటరీ బలహీనపడితే మాత్రం తప్పులు చూపిస్తుంది. ఏదైనా సరే, ఎప్పుడూ అదే గేజి వాడండి. రోజుకో గేజితో చూస్తే టైరు మారిందో గేజి మారిందో తెలియదు.

పొద్దున్నే, ఎండ పడకముందు చూడటం మంచిది. ఎండ ఒక పక్క పడితే ఆ పక్క రెండు టైర్లూ ఎక్కువ చూపిస్తాయి; వాటిని దించి రెండో పక్కతో సమానం చేశారంటే సాయంత్రానికి తేడా పడుతుంది. బండి సమతలం మీద ఉంటే చాలు, జాకీ అక్కర్లేదు. వాల్వ్ మూత తిప్పి తీసి జేబులో వేసుకోండి, నేల మీద పెడితే దొర్లిపోతుంది. గేజి నోరు వాల్వ్ మీద నిటారుగా పెట్టి ఒక్క ఊపులో గట్టిగా నొక్కాలి. మొదట ‘స్స్’ అని ఒక్క క్షణం వినపడి ఆగిపోవాలి. బుసకొడుతూనే ఉంటే గేజి వంకరగా ఉందని అర్థం, అప్పుడు చూపించే అంకె అసలుకంటే తక్కువ. తీసి మళ్లీ పెట్టండి. వరసగా రెండుసార్లు ఒకే అంకె వస్తే రాసుకోండి. నాలుగు టైర్లూ చూసి, నాలుగు అంకెలూ రాసుకున్నాకే గాలి ముట్టుకోండి. ఒక్కొక్కటి చూస్తూ సరిచేసుకుంటూ పోతే ఏ టైరు ఎంత తేడాతో ఉందన్న ఆచూకీ పోతుంది. మిగతా మూడూ 41 ఉండి ఒకటి 36 ఉంటే, ఆ ఒక్కదాంట్లో మేకో, సరిగా బిగియని వాల్వో ఉండొచ్చని ఆ అంకెలే చెప్తాయి.

ఎక్కువ ఉన్నదాన్ని దించడం తేలిక. వాల్వ్ మధ్యలోని సన్నటి పిన్నును గేజి వెనక ఉండే మొనతోనో, మొండి పుల్లతోనో లోపలికి నొక్కితే గాలి పోతుంది. మొదటిసారి 5 సెకన్లు నొక్కి వదిలి, ఎంత దిగిందో చూడండి. దాన్నిబట్టి ఇంకెంతసేపు నొక్కాలో మీ చేతికే తెలుస్తుంది. ముందు టైర్లు 33, వెనకవి 32. పాయింటో, అర పాయింటో తేడా వస్తే దానితో కుస్తీ పట్టకండి. ఒకే ఇరుసు మీది రెండు టైర్లూ సమానంగా ఉండటం అంతకన్నా ముఖ్యం, ఎడమకీ కుడికీ తేడా ఉంటే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. సందేహం వస్తే పైవైపుకే మొగ్గండి: 34 ఫర్వాలేదు, 31 వద్దు.

గాలి తక్కువ ఉన్నప్పుడు ఇంట్లో చిన్న కంప్రెసర్ ఉంటే చల్లగా ఉండగానే పని అయిపోతుంది. 12 వోల్టుల సాకెట్‌కు తగిలించేదైతే ఇంజన్ ఆన్ చేసి వాడమని రాస్తారు. అప్పుడు మూసి ఉన్న గదిలో కాక ఆరుబయటే పెట్టుకోండి. చిన్న కంప్రెసర్లు త్వరగా వేడెక్కుతాయి, వాటి మీద రాసినంతసేపే నడిపి కాసేపు చల్లారనివ్వాలి. మర తిప్పి బిగించే గొట్టమైతే విప్పేటప్పుడు కొంత గాలి పోతుంది. అందుకే ఒక పీఎస్‌ఐ ఎక్కువ కొట్టి, గొట్టం తీసేశాక మీ గేజితో చూసుకుంటూ సరిచేయడమే దగ్గరి దారి.

కంప్రెసర్ లేకపోతే బంకుకు వెళ్లక తప్పదు, వెళ్లేసరికి టైరు వేడెక్కక తప్పదు. దీనికో ఉపాయం ఉంది. ఇంట్లో చల్లగా ఉండగా చూసి, ఎంత తక్కువో రాసుకోండి. 29 వచ్చిందంటే 33కు 4 తక్కువ. బంకు దగ్గర అదే గేజితో మళ్లీ చూడండి, 32 వచ్చిందనుకోండి. అక్కడ 33 కాదు కొట్టించాల్సింది; 32 మీద ఆ 4 కలిపి 36. మర్నాడు పొద్దున్న 33కు దగ్గరగా ఉంటుంది. అంకె పెట్టి మీట నొక్కితే తనే నింపి కూతపెట్టే యంత్రాలు పని తేలిక చేస్తాయి గానీ, రోజంతా ఎందరో లాగిపడేసే గొట్టం అది, దాని అంకె మీ గేజితో కలవకపోతే మీ గేజినే నమ్మండి. పని అయ్యాక మూత పెట్టించుకోవడం మరచిపోవద్దు. గాలిని ఆపేది లోపలి పిన్నే అయినా, మూత లేకపోతే దుమ్మూ నీళ్లూ దాని మీద చేరి కొన్నాళ్లకు గాలి కారడం మొదలవుతుంది. మీ బండికి లోహపు వాల్వ్‌లు ఉంటే ప్లాస్టిక్ మూతలే వాడండి. అలంకారానికి అమ్మే ఇత్తడి మూతలు అల్యూమినియం వాల్వ్‌కు తుప్పుతో అతుక్కుపోయి, తిప్పితే వాల్వే విరిగే పరిస్థితి వస్తుంది.

మీ డ్యాష్‌బోర్డు ఒక్కో టైరుకు విడిగా అంకె చూపిస్తోంది కాబట్టి చక్రాల్లోపల సెన్సర్లు ఉన్నాయన్నమాట. చాలా కార్లలో బండి ఆగి ఉన్నంతసేపూ అవి నిద్రపోతాయి. పొద్దున్న తాళం తిప్పగానే కనపడేది నిన్నటి అంకె అయ్యుండొచ్చు, కొంచెం కదిలాకే కొత్తది వస్తుంది. గాలి సరిచేశాక మీ కారు పుస్తకంలో రీసెట్ చేయమని ఉంటే చేయండి. అంకెలు చూపించకుండా ఒక్క దీపం మాత్రమే ఉన్న కార్లలో ఈ రీసెట్ చాలా ముఖ్యం. వాటిలో టైరులో సెన్సరు ఉండదు. బ్రేకుల కోసం పెట్టిన చక్రవేగం సెన్సర్లను వాడుకుని, గాలి తగ్గి చుట్టుకొలత కుంచించుకున్న చక్రం మిగతావాటికన్నా వేగంగా తిరగడాన్ని పసిగడతాయి. రీసెట్ మీట నొక్కిన క్షణాన ఉన్న గాలినే ‘సరైనది’గా గుర్తుపెట్టుకుంటాయి. తప్పు గాలి మీద రీసెట్ చేస్తే ఆ తప్పే ప్రమాణమవుతుంది. నాలుగు టైర్లూ కలిసికట్టుగా దిగుతుంటే అలాంటి ఏర్పాటుకు పట్టుకోవడం కష్టం.

దీపం వెలగలేదు కదా అని ధీమా పడటం కూడా సరికాదు. అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కర్ అంకెకన్నా 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి, యూరప్‌లో 20 శాతం. 33 ఉండాల్సిన టైరు 27కు దిగినా దీపం ఆరిపోయే ఉండొచ్చన్నమాట. గాలి ఎక్కువైతే చాలా కార్లు అసలు ఏమీ అనవు, మీ విషయంలో జరిగింది చూశారుగా. బండి తీయగానే దీపం ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత అలాగే వెలుగుతూ ఉండిపోతే, అది గాలి సంగతి కాదు, హెచ్చరిక వ్యవస్థలోనే ఏదో పాడైందని.

నైట్రోజన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. శుద్ధ నైట్రోజన్ టైరు గోడల గుండా కాస్త నెమ్మదిగా దిగుతుంది, అందులో తేమ ఉండదు; లాభం అంతే. వేడెక్కితే దాని ప్రెజరూ పెరుగుతుంది, స్టిక్కర్ అంకె దానికీ అదే. ఉచితంగా కొడితే కొట్టించుకోండి. దాని మీద మామూలు గాలి కలిపితే ఏమో అవుతుందన్నది వట్టి భయం. నైట్రోజన్ దొరకలేదని గాలి తక్కువగా తిరగడం మాత్రం నిజంగా నష్టం.

రేపు సరిచేశాక వారం ఆగి, అదే వేళకు, అదే గేజితో మళ్లీ చూడండి. కొత్త చక్రంలో వాల్వో, రిమ్ము అంచో సరిగా కూర్చోకపోతే మొదటి నెలలోనే బయటపడుతుంది. బాగున్న టైరు నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ దిగుతుంది, అది లెక్కలోకి రాదు. వారంలోనే 2, 3 దిగిన టైరు ఉంటే సబ్బునీళ్లు కలిపి ముందు వాల్వ్ నోట్లో ఒక చుక్క వేయండి. బుడగ లేస్తే పిన్ను వదులైందనో పాడైందనో అర్థం, అది చిన్న పని. అక్కడ ఏమీ లేకపోతే వాల్వ్ మొదలు, రిమ్ము అంచు, ఆపైన నేలను తాకే భాగమంతా చూడండి. మేకు కనపడితే అక్కడికక్కడే పీకేయకండి, అది ఉన్నంతసేపూ రంధ్రాన్ని కొంతవరకు మూసే ఉంచుతుంది. గాలి నింపుకుని పంచరు షాపు దాకా మెల్లగా వెళ్లాకే తీయించండి. నెల గడిచి అంతా నిలకడగా ఉందని తేలితే ఇక నెలకోసారి, దూరప్రయాణానికి ముందోసారి చాలు. వాతావరణం మారినప్పుడూ ఒకసారి చూడాలి. బయటి వేడి 10 డిగ్రీలు పడితే టైరులో దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. వేసవిలో పెట్టిన 33 చలికాలం పొద్దున్నలకు 30 అయ్యేది అందుకే, ఎక్కడా పంచరు లేకుండానే.

ఊరికి వెళ్లేముందు వెనక 39 పెట్టినవాళ్లు తిరిగొచ్చాక 32కు దించడం మరచిపోతుంటారు. ఖాళీ బండి వెనక భాగం ఎగిరెగిరి పడుతుంటే అదే కారణం. సర్వీసులో ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చినప్పుడు కూడా గాలి టైరుతో పాటే వెళ్లిపోతుంది కాబట్టి కొత్త చోటికి తగినట్టు మళ్లీ సరిచేయించండి.

33, 32 పెట్టి రెండు మూడు రోజులు తిరిగినా కుదుపు అలాగే ఉంటే, అప్పుడు షోరూముకు వెళ్లండి. పొద్దున్న రాసుకున్న నాలుగు అంకెల కాగితం తీసుకెళ్లండి. చల్లటి టైరులో ఇంత ఉంది, ఇంత పెట్టాను, అయినా ఇలా ఉంది అని చెప్తే ‘గాలి చూడండి’ అని తిప్పి పంపే వీలుండదు, నేరుగా సస్పెన్షన్ చూడాల్సి వస్తుంది.

డిక్కీలోని స్టెప్నీ కూడా రేపే చూడండి. దాన్ని డెలివరీ తనిఖీలో చూడటం మరీ అరుదు. మిగతా టైర్లంత సైజుదే అయితే స్టిక్కర్ మీది అన్నిటికన్నా పెద్ద అంకె, అంటే మీ బండికి 39, పెట్టి ఉంచండి. అవసరం పడ్డప్పుడు ముందుకైనా వెనక్కైనా గాలి తీసి వేసుకోవచ్చు, నడిరోడ్డు మీద గాలి కొట్టడం కంటే తీయడమే తేలిక. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే దాని పక్కనే ప్రెజరు రాసి ఉంటుంది, సాధారణంగా 60 పీఎస్‌ఐ, దాంతో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. అసలు స్టెప్నీ లేకుండా కంప్రెసరూ, పంచరు మందు సీసా ఇచ్చిన కారైతే, సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది చూసి ఎక్కడైనా రాసిపెట్టుకోండి.